పిడుగును లెక్కగట్టడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

భారీ వర్షాల హెచ్చరికల గురించి, పిడుగుల గురించి, వాటిని ముందుగా చెప్పే కంప్యూటర్ నమూనాల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాం. రాసినవారి పేర్లు విడిచి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: అయ్యా, మా జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిన రోజున మా ఊళ్లో చినుకు పడలేదు. పది కిలోమీటర్ల అవతల ఊళ్లో మాత్రం వాగు పొంగి రోడ్డు కొట్టుకుపోయింది. అంత పెద్ద సూపర్ కంప్యూటర్లు ఉండి కూడా ఏ ఊళ్లో కురుస్తుందో ఎందుకు చెప్పలేకపోతున్నారు?
ఒక రైతు, నర్సంపేట

జవాబు: వాతావరణ నమూనా గాలినంతటినీ గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక ఉష్ణోగ్రత, ఒక పీడనం, కొంత తేమ, ఒక గాలివేగం చొప్పున అంకెలు పెట్టుకుంటుంది. చలన సూత్రాలను, ఉష్ణానికి సంబంధించిన సూత్రాలను ఆ అంకెల మీద నడిపి, కొన్ని సెకన్ల తర్వాత అవి ఎంతెంత మారతాయో లెక్కిస్తుంది. ఆ కొత్త అంకెలను పట్టుకుని మరికొన్ని సెకన్లు ముందుకు పోతుంది. ఇలా వేల అడుగులు వేస్తేగాని రేపటి వాతావరణం రాదు. గడి వెడల్పు 12 కి.మీ. అనుకుంటే, 144 చదరపు కి.మీ. నేలకు, అందులో ఉన్న ఊళ్లన్నిటికీ కలిపి ఒకే వాన అంకె వస్తుంది. మీ ఊరికీ, వాగు పొంగిన ఊరికీ ఆ లెక్కలో తేడా లేదు.

గళ్లను చిన్నవి చేస్తే సరిపోతుంది కదా అని అడగవచ్చు. చేస్తున్నారు, కానీ దానికి చెల్లించే మూల్యం పెద్దది. గడి పక్కను సగానికి తగ్గిస్తే గళ్ల సంఖ్య నాలుగింతలవుతుంది. గళ్లు చిన్నవైన కొద్దీ కాలపు అడుగును కూడా తగ్గించకపోతే లెక్క అదుపు తప్పుతుంది కాబట్టి పని మొత్తం ఎనిమిదింతలవుతుంది. 12 కి.మీ. నుంచి 3 కి.మీ.కి దిగాలంటే, నిలువు పొరలను పెంచకుండానే, 64 రెట్లు పని చేయాలి. 2018లో మన దేశంలో నెలకొల్పిన ప్రత్యూష్, మిహిర్ అనే సూపర్ కంప్యూటర్ల తర్వాత 2024లో పుణేలో అర్క, నోయిడాలో అరుణిక వచ్చింది ఇందుకోసమే. పుణేలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించి 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ భూగోళమంతటినీ 6 కి.మీ. గళ్లతో లెక్కిస్తుంది. ఇది నిజంగా గొప్ప అడుగు.

అయితే 6 కి.మీ. గడి ఉందంటే 6 కి.మీ. మేఘాన్ని పట్టుకుంటుందని కాదు. ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోయే కదలికలను ఏ నమూనా కూడా సక్రమంగా నడపలేదు; ఒక ఆకారం నిలకడగా రావాలంటే అది సుమారు ఆరేడు గళ్ల మీద పరుచుకుని ఉండాలి. అంటే 3 కి.మీ. నమూనా నమ్మకంగా చూపేది 20 కి.మీ. వెడల్పున్న వ్యవస్థలను. మీ పక్క ఊరి మీద విరుచుకుపడిన మేఘం వెడల్పు బహుశా అందులో సగం కూడా ఉండదు. పంచాయతీల వారీగా అంకెలు ఇవ్వడం వేరు, పంచాయతీ స్థాయిలో నిజమయ్యేలా చెప్పడం వేరు. ఈ తేడాను హెచ్చరిక ఇచ్చేవారు ప్రజలకు బాహాటంగా చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం; చెప్పకపోతే మీలాంటివారికి హెచ్చరిక మీదనే నమ్మకం పోతుంది.

2005 జులై 26న ముంబైలో శాంతాక్రజ్ కేంద్రంలో 24 గంటల్లో 944 మి.మీ. వాన పడింది. అక్కడికి దక్షిణాన సుమారు 20 కి.మీ. దూరంలోని కొలాబాలో పడింది 73 మి.మీ. మాత్రమే. ఆనాటి నమూనాల గళ్లకు ఈ రెండు కేంద్రాల మధ్య దూరమే ఆనలేదు. తర్వాతి ఏళ్లలో శాస్త్రవేత్తలు అదే రోజును సన్నని గళ్లతో మళ్లీ మళ్లీ నడిపి చూసినప్పుడు కుండపోత వర్షమైతే తెరమీద కనిపించింది గానీ, ఎక్కడ, ఎంత అన్న దగ్గర ఒక్కో ప్రయోగానికి ఒక్కో జవాబు వచ్చింది. అయినంత మాత్రాన అవి పనికిరానివి కావు. ఇలా తెరమీది వాన 30 కి.మీ. పక్కకు జరిగితే, కురుస్తుందన్న చోట కురవనందుకు ఒకసారి, కురవదన్న చోట కురిసినందుకు మరొకసారి, నమూనాకు రెండు తప్పులు పడతాయి. కానీ అసలు వానే లేదని చెప్పిన నమూనా కంటే అది ఎన్నో రెట్లు మేలైనది. అందుకే ఇప్పుడు ఒక బిందువు దగ్గర కాకుండా, చుట్టుపక్కల కొంత వైశాల్యంలో ఎంత భాగం తడిసిందో లెక్కించి మార్కులు వేసే పద్ధతి వచ్చింది.

ఆ రోజు మీ జిల్లాకు వచ్చిన ఆరెంజ్ అలర్ట్, ఈ పద్ధతి లెక్క ప్రకారం, నిజమైనట్టే.

ప్రశ్న: 2024 ఆగస్టు చివర వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మునిగింది మాత్రం మా విజయవాడ. ఇలాంటిది నమూనాలకు అందుతుందా?
ఒక ఉపాధ్యాయిని, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: అందుతుంది. పై ప్రశ్నలోని వానకూ, దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. కళింగపట్నం నుంచి విజయవాడ 400 కి.మీ. పైన దూరం. కానీ వర్షాకాలపు వాయుగుండంలో భారీ వాన కేంద్రం దగ్గర సమానంగా పడదు; అది పడమర, వాయవ్య దిక్కులకు కదులుతున్నప్పుడు ఎక్కువ వాన దాని నైరుతి భాగంలో పడుతుంది. వందల కిలోమీటర్ల ఈ వ్యవస్థ నమూనా గళ్లకు సులభంగా ఆనుతుంది, దాని కదలికను రెండు మూడు రోజుల ముందే చెప్పడం ఇప్పుడు సాధారణమైన పని. మధ్యాహ్నం ఎండకు పుట్టి సాయంత్రానికి చచ్చిపోయే ఒంటరి గాలివాన మేఘాన్ని ముందురోజు చూపడం సాధ్యం కాదు.

వాన ఎంత పడుతుందో చెప్పిన నమూనా, ఆ నీరు ఎటు పోతుందో చెప్పదు. బుడమేరుకు గండ్లు పడటం, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద రావడం వాన నమూనాకు అవతలి విషయాలు. వాన అంకెలను తీసుకుని వాగుల్లో, నదుల్లో, కాల్వల్లో నీటిని నడిపించే నమూనా దానికి తోడుగా ఉండాలి. వాన అంచనా కాస్త అటూ ఇటూ అయితే, చిన్న పరీవాహక ప్రాంతం ఉన్న బుడమేరు లాంటి వాగులో ఆ తేడా పెద్దదై కూర్చుంటుంది.

ప్రశ్న: మేఘం లోపల కోట్లాది చుక్కలు ఉంటాయి కదా. కంప్యూటర్ వాటిని ఎలా లెక్కిస్తుంది?
బి.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: లెక్కించదమ్మా. లెక్కించలేదు కూడా. మేఘపు తుంపర వ్యాసం మి.మీ.లో యాభయ్యో వంతు అనుకుంటే, 2 మి.మీ. వాన చుక్క ఒక్కటి తయారు కావడానికి అలాంటివి పది లక్షలు కలవాలి. గడిని మీటరు కొలతకు కుదించినా ఆ తుంపరలను ఒక్కొక్కటిగా పట్టుకోవడం జరిగే పని కాదు. అందుకని నీటిని కొన్ని తరగతులుగా విడదీస్తారు: ఆవిరి, మేఘపు తుంపర, వాన చుక్క, మంచు స్ఫటికం, హిమం, గ్రాపెల్ అని పిలిచే మెత్తని మంచు గుళిక, కొన్ని నమూనాల్లో వడగళ్లు కూడా. ప్రతి గడిలో ప్రతి తరగతి ఎంత బరువుందో ఒక అంకె పెట్టుకుని, ఒక తరగతి మరో తరగతిలోకి ఎంత వేగంగా మారుతుందో సూత్రాలు రాసుకుంటారు. దీనిని మేఘ సూక్ష్మభౌతికం అంటారు. 1969లో కెస్లర్ రాసిన తొలి పథకంలో ఆవిరి, తుంపర, వాన మూడే ఉండేవి. మంచు ఊసే లేదు.

ఇందులో ఒక చిక్కు నేను మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భారీ వర్షపు లెక్క చాలాసార్లు ఇక్కడే తప్పుతుంది. ఒక గడిలో వాన నీరు ఒక గ్రాము ఉందని నమూనాకు తెలుసు. ఆ గ్రాము కొన్ని పెద్ద చుక్కలుగా ఉందా, లెక్కలేనన్ని చిన్న చుక్కలుగా ఉందా అన్నది బరువును బట్టి తెలియదు. చిన్న చుక్కలయితే మేఘం కింది పొడిగాలిలో సగం దారిలోనే ఆవిరైపోతాయి. అలా ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి, చల్లబడ్డ గాలి బరువెక్కి నేలమీద పడి నలుదిక్కులకూ పరుగెత్తుతుంది. వానకు ముందు చెట్లను ఊపేస్తూ దుమ్ము రేపుతూ ఒక్కసారిగా కొట్టే చల్లగాలి ఇదే. ఆ గాలి తన ముందున్న వెచ్చని తేమగాలి కిందికి చొచ్చుకుపోయి దాన్ని పైకి ఎత్తి కొత్త మేఘాన్ని పుట్టిస్తుంది. అంటే చుక్క సైజు తప్పయితే చల్లగాలి బలం తప్పుతుంది, తర్వాతి మేఘం పుట్టే చోటు తప్పుతుంది, గంట తర్వాత వాన మరో మండలానికి జరిగిపోతుంది. అందుకే ఈమధ్య బరువుతోపాటు చుక్కల సంఖ్యను కూడా విడిగా లెక్కించే పథకాలు వాడుతున్నారు. ఖర్చు ఎక్కువ. అయినా గాలివానల విషయంలో అది వృథా ఖర్చు కాదు.

గడి పెద్దదైతే, మేఘం లోపలి పైకిపోయే గాలి గడిలో ఆనదు గనక, దానికి మరో సగటు సూత్రం విడిగా రాయాలి. గడి 4 కి.మీ. కంటే చిన్నదైతే ఆ సూత్రాన్ని పక్కనపెట్టి, మేఘాన్ని తన దారిన తాను పెరగనివ్వవచ్చు. 5 నుంచి 10 కి.మీ. మధ్య గళ్లున్న నమూనాలకు ఇది ఇబ్బందికరమైన కొలత: మేఘం సగం కనిపిస్తుంది, సగం కనిపించదు.

ప్రశ్న: కంప్యూటర్‌లో పిడుగు కూడా పడుతుందా? దాన్ని ముందే ఎలా చెబుతారు?
ఇంటర్మీడియట్ అధ్యాపకుడు, నంద్యాల

జవాబు: మెరుపు వేరే వస్తువు కాదు, మేఘంలోని మంచు చేసే పని. మన ప్రాంతంలో నేల నుంచి సుమారు 5 కి.మీ. ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. అక్కడి నుంచి మైనస్ 20 డిగ్రీల వరకూ ఉన్న మూడు నాలుగు కిలోమీటర్ల పొరలో, సున్నా కంటే చల్లబడి కూడా గడ్డకట్టని నీటి తుంపరలు, తేలికైన మంచు స్ఫటికాలు, వాటికంటే బరువైన గ్రాపెల్ గుళికలు కలిసి ఉంటాయి. పైకి ఎగదోసే గాలిలో స్ఫటికాలు గ్రాపెల్‌ను తాకి ఎగిరిపోతాయి. ఆ తాకిడిలో విద్యుదావేశం చేతులు మారుతుంది. చాలావరకు గ్రాపెల్ రుణావేశంతో మధ్యలో ఉండిపోతుంది, స్ఫటికాలు ధనావేశంతో మేఘం నెత్తికి చేరతాయి. 1978లో జపాన్ శాస్త్రవేత్త సుతోము తకహాషి ప్రయోగశాలలో దీన్ని కొలిచి, ఉష్ణోగ్రతను బట్టి, నీటి పరిమాణాన్ని బట్టి ఆవేశం గుర్తు కూడా తారుమారవుతుందని చూపించారు. ఈనాటికీ నమూనాలలోని విద్యుత్ సూత్రాలు ఆ కొలతల కుటుంబానికి చెందినవే.

ఈ పరిజ్ఞానాన్ని నమూనాలో వాడటానికి మూడు దారులున్నాయి. మొదటిది సులువైనది. కాలిన్ ప్రైస్, డేవిడ్ రిండ్ అనే ఇద్దరు 1992లో, నేలమీది మేఘాలలో నిమిషానికి వచ్చే మెరుపుల సంఖ్య మేఘం ఎత్తుకు 4.9 ఘాతంగా పెరుగుతుందని చూపించారు. వారి సూత్రంలో అంకెలు వేసి చూడండి: 10 కి.మీ. ఎత్తు మేఘంలో నిమిషానికి సుమారు మూడు మెరుపులు వస్తే, 15 కి.మీ. మేఘంలో ఇరవై వస్తాయి. ఎత్తు ఒకటిన్నర రెట్లయితే మెరుపులు ఏడు రెట్లు దాటుతున్నాయి. ఇదే ఈ పద్ధతి బలం, ఇదే బలహీనత. నమూనా మేఘం ఎత్తును పదిశాతం ఎక్కువ చూపితే మెరుపుల లెక్క అరవై శాతం ఎక్కువైపోతుంది. సముద్రం మీది మేఘాలకు వారు వేరే సూత్రం ఇవ్వాల్సి వచ్చింది, ఎందుకంటే అక్కడ అంతే ఎత్తున్న మేఘంలో కూడా మెరుపులు చాలా తక్కువ.

రెండో దారిలో మేఘం ఎత్తును కాక, లోపలి మంచును లెక్కిస్తారు. మైనస్ 15 డిగ్రీల మట్టం దగ్గర పైకి పోతున్న గ్రాపెల్ ఎంత, మేఘం మొత్తంలో మంచు ఎంత అన్న రెండు అంకెలతో మెరుపుల తాకిడిని అంచనా వేసే పద్ధతిని 2009లో మకాల్, ఆయన సహచరులు ప్రచురించారు. సున్నా నుంచి మైనస్ 20 డిగ్రీల పొరలో పైకెగసే గాలి శక్తిని, అక్కడి నీరు, మంచు కలిసి ఉన్న తీరును కలిపి చెప్పే మెరుపు సంభావ్యతా సూచికను మరుసటి ఏడాది యోవ్ యాయిర్, ఆయన సహచరులు ఇచ్చారు. గ్రాపెల్‌ను సరిగా లెక్కించే సూక్ష్మభౌతికం ఉంటేనే ఈ దారి నడుస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

మూడో దారిలో ఆవేశాన్నే నేరుగా లెక్కిస్తారు. ప్రతి గడిలో గ్రాపెల్‌కు ఎంత ఆవేశం, స్ఫటికాలకు ఎంత, అవి గాలితో ఎటు కొట్టుకుపోతున్నాయి అన్నది మోసుకుంటూ పోయి, విద్యుత్ క్షేత్రాన్ని లెక్కగట్టి, అది ఒక హద్దు దాటగానే అక్కడ మెరుపు మెరిసినట్టు రాసి, కొంత ఆవేశాన్ని తుడిచేస్తారు. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే ప్రసిద్ధ నమూనాకు ఈ విద్యుత్ భాగాన్ని అమెరికాలోని ఫియెర్రో, ఆయన సహచరులు 2013లో జోడించారు. భారత వాతావరణ శాఖ కూడా పిడుగుల అంచనాకు 'ఎలక్ట్రిక్ డబ్ల్యూఆర్‌ఎఫ్' వాడుతోంది. ఆ 'హద్దు' ఎంత అన్న దగ్గరే విజ్ఞానశాస్త్రానికి ఇంకా పూర్తి సమాధానం దొరకలేదు: నేలమట్టంలో పొడిగాలిలో నిప్పురవ్వ పుట్టాలంటే మీటరుకు 30 లక్షల వోల్టులు కావాలి, కానీ మేఘాలలోకి పంపిన పరికరాలకు చిక్కింది అందులో పదో వంతు స్థాయి మాత్రమే. అంత తక్కువలో మెరుపు ఎలా మొదలవుతోందన్న ప్రశ్న నన్ను ఎప్పుడూ వదలలేదు.

ఈ మూడు దారుల్లో ఏదీ పిడుగు ఏ చెట్టు మీద పడుతుందో చెప్పదు. మెరుపుల్లో ఎక్కువ భాగం మేఘంలోనే మొదలై మేఘంలోనే ముగుస్తాయి. నేలకు దిగేవి తక్కువ. దిగేది కూడా కొన్ని పదుల మీటర్ల అడుగులు వేస్తూ, కొమ్మలుగా చీలుతూ వస్తుంది. ఆ దారి కిలోమీటర్ల గడికి అందేది కాదు.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో చిన్న వానకే పిడుగులు పడతాయి. జులైలో రెండు రోజులు ఏకధారగా కురిసినా ఉరుము పెద్దగా వినపడదు. ఎందుకని?
రిటైర్డ్ తహసీల్దారు, పార్వతీపురం

జవాబు: పైన చెప్పిన మంచు పొర దగ్గరికే మళ్లీ పోవాలి. వేసవిలో నేల కాగి, పైన పొడిగాలి ఉండి, కింద సముద్రపు తేమ చేరినప్పుడు పుట్టే మేఘంలో గాలి సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో ఎగదోస్తుంది. నీటిని వాన చుక్కలుగా మారనివ్వకుండానే మైనస్ డిగ్రీల పొరలోకి ఎత్తుకుపోయి గ్రాపెల్‌ను, వడగళ్లను తయారుచేస్తుంది. కింద పడే వాన కొద్దిగా ఉన్నా, పైన ఆవేశం మాత్రం దండిగా పోగవుతుంది. వర్షాకాలం ఊపందుకున్న రోజుల్లో గాలి పైనుంచి కిందిదాకా తేమతో నిండి ఉంటుంది, ఎగదోసే వేగం సెకనుకు కొద్ది మీటర్లే. నీరు సున్నా డిగ్రీల మట్టానికి కిందనే చుక్కలై రాలిపోతుంది.

ఈ కారణంగా వాన ఎంత అన్న అంకె నుంచి పిడుగుల ముప్పును తీసే ప్రయత్నం మన దగ్గర బెడిసికొడుతుంది. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. కురిసింది, ఎకరం నేల మీద లెక్కవేస్తే అది 26 లక్షల లీటర్ల పైమాట. మరోవైపు 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు ప్రకటించారు. నమూనాకు ఇవి రెండు వేర్వేరు పరీక్షలు. ఒకదానిలో బాగా నెగ్గిన నమూనా రెండోదానిలో ఓడిపోవచ్చు.

ప్రశ్న: నాట్లకు, కలుపుకు ఇరవై ముప్పై మంది ఆడవాళ్లను పొలాలకు తీసుకుపోతుంటాను. ఫోన్‌లో పిడుగు మెసేజ్ వస్తుంది, దామిని యాప్ కూడా మా అబ్బాయి వేసి ఇచ్చాడు. దేన్ని నమ్మి పని ఆపించాలి? ఊరికే ఆపితే కూలి పోతుంది.
ఒక కూలీల మేస్త్రి, మార్టూరు

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మీదే ముఖ్యమైనదని నేను అనుకుంటున్నాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. పొలాల్లో పనిచేసేవారు, పశువులు, గొర్రెలు కాసేవారు ఈ ముప్పుకు అందరికంటే దగ్గరగా ఉంటారు. వారికి అందని నమూనా ఎంత గొప్పదైనా పని పూర్తిచేసినట్టు కాదు.

ముందురోజు టీవీలో, పేపర్లో వచ్చే జిల్లా హెచ్చరిక నమూనా చెప్పినది. దాన్ని చూసి పని మానుకోవద్దు. దగ్గరలో పక్కా ఇల్లు గాని, బడి గాని, నాలుగు వైపులా మూసి ఉన్న వాహనం గాని ఉన్న పొలానికి ఆ రోజు పని మార్చుకోండి, బరువైన పనిని ఉదయం పూటే ముగించుకోండి. వేసవి గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతనే లేస్తాయి. విపత్తు నిర్వహణ సంస్థ నుంచి మండలం పేరుతో కొద్ది ముందుగా వచ్చే మెసేజ్ రాడార్లను, మెరుపులను పట్టే పరికరాలను చూసి ఇచ్చేది. ఇక దామిని నమూనా కాదు. పుణే సంస్థ దేశమంతటా పెట్టిన గ్రాహకాలు మెరుపు వెలువరించే రేడియో తరంగాలను పట్టుకుని, అవి ఒక్కో గ్రాహకానికి చేరిన సమయాల తేడాను బట్టి మెరుపు స్థానాన్ని కడతాయి. ఇప్పటికే మెరుస్తున్న మెరుపు మీకు 20 కి.మీ., 40 కి.మీ. లోపల ఉందా అన్నది అది చూపుతుంది. కాబట్టి మండలం మెసేజ్ వచ్చినా, దామినిలో 20 కి.మీ. లోపల కనిపించినా, ఉరుము చెవినపడినా, ఈ మూడింటిలో ఏది ముందు జరిగితే అప్పుడే పని ఆపించండి. ఉరుము వినిపించిందంటే ఆ మేఘం మీకు పిడుగు పడేంత దగ్గరలోనే ఉంది. చెట్టు కిందికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి పొలంలోకి దిగండి.

పోయిన కూలి గురించి మీరు అడిగినదానికి నమూనాలు చేసేవారి దగ్గర జవాబు లేదు, ప్రభుత్వాల దగ్గర ఉండాలి. పిడుగు హెచ్చరిక వల్ల ఆగిన గంటలకు పరిహారం ఉంటేనే హెచ్చరిక అమలవుతుందని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: కృత్రిమ మేధ నిమిషంలో పది రోజుల వాతావరణం చెబుతోందట. ఇక సూపర్ కంప్యూటర్లు ఎందుకు?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్, అమెరికా

జవాబు: హువావే వారి పాంగు, గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్ 2023లో చేసి చూపింది నిజమే, యూరప్ మధ్యశ్రేణి వాతావరణ కేంద్రం తన కృత్రిమ మేధ నమూనాను 2025 ఫిబ్రవరిలో రోజువారీ సేవలోకి తెచ్చింది. తుపాను దారి వంటి పెద్ద విషయాల్లో ఇవి పాత నమూనాలతో సమానంగా, కొన్నిసార్లు మెరుగ్గా చెబుతున్నాయి. కానీ అవి పాఠాలు నేర్చుకున్నది సూత్రాల నమూనాలు పరిశీలనలతో కలిపి కట్టిన గత దశాబ్దాల వాతావరణ పటాల నుంచి, అదీ పాతిక కిలోమీటర్లకు మించిన గళ్లలో. ఆ గళ్లలో గాలివాన మేఘమే లేదు, గ్రాపెల్ అసలే లేదు. పైగా సగటు తప్పును తగ్గించేలా శిక్షణ పొందినవి అసాధారణమైన వానను సహజంగానే నునుపుగా చేసి తగ్గించి చూపుతాయి. భారీ వర్షంలో మనకు కావలసింది ఆ అసాధారణమైన అంకే. రాడార్ చిత్రాలను, మెరుపుల లెక్కలను నేరుగా చదివి వచ్చే రెండు మూడు గంటలను చెప్పే పనిలో మాత్రం కృత్రిమ మేధ మీద నాకు పెద్ద ఆశ ఉంది.

ప్రశ్న: మా కాలేజీలో నలుగురం కలిసి ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం. గాలివానను మామూలు ల్యాప్‌టాప్ మీద నడపవచ్చా?
బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: నడపవచ్చు. డబ్ల్యూఆర్‌ఎఫ్ ఉచితం, లినక్స్ మీద పనిచేస్తుంది. అసలైన కాకినాడ వానతో మొదలుపెట్టకండి. దాంతోపాటు వచ్చే ఊహాత్మక గాలివాన ఉదాహరణతో మొదలుపెట్టండి. అందులో కొండలు, సముద్రం ఏమీ ఉండవు. చదునైన నేల మీద చుట్టూ గాలి కంటే కొన్ని డిగ్రీలు వెచ్చనైన గాలి బుడగను ఒకచోట పెట్టి వదిలేస్తారు. బుడగ లేస్తుంది, మేఘమవుతుంది, వాన కురుస్తుంది. ఎత్తుతోపాటు గాలి దిక్కు, వేగం మారుతూ ఉండటం వల్ల కాసేపటికి ఆ మేఘం రెండుగా చీలి రెండూ చెరో దారిన పోతాయి. 1978లో క్లెంప్, విల్హెల్మ్‌సన్ త్రిమితీయ నమూనాలో చేసి చూపిన పని ఇదే.

ఆ తర్వాత సూక్ష్మభౌతిక పథకం ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ నడపండి. ముందు మంచు లేని కెస్లర్ పథకం, తర్వాత మంచు, గ్రాపెల్ ఉన్న పథకం. నేలమీద పడిన మొత్తం వాన, చల్లగాలి పరుచుకున్న వైశాల్యం, ఎగదోసే గాలి గరిష్ఠ వేగం, మైనస్ 15 డిగ్రీల మట్టం దగ్గర గ్రాపెల్ పరిమాణం, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చిన అంకెలు, ఎంచుకున్న పథకాల పేర్లు రాసి పంపితే ఈ శీర్షికలోనే చర్చిద్దాం.